రేవు పొగ

చచ్చిపోయినవాళ్లు తిరిగి వస్తారంటే నేను ఏనాడూ నమ్మలేదు. వచ్చేటట్టయితే మా పల్లెలో ఇంటికొకరు రావాలి. సముద్రం మీదికి వెళ్లి తిరిగి రానివాళ్లు ఒక్క మా వీధిలోనే ఏడుగురు. ఒక్కరూ వచ్చి తలుపు తట్టలేదు. దెయ్యాల కబుర్లు చెప్పే ఆడవాళ్లను నేనే కసిరేదాన్ని. చీకటితోనే లేచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగినదానికి భయపడే తీరిక ఎక్కడిది?

ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది నోటితో ఎవరికీ చెప్పలేకపోయాను. యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి కాగితానికి చెబుతున్నాను.

మాది కళింగపట్నానికి కాస్త ఇవతల చిన్న పల్లె. సముద్రానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతివైపు, అంటే ఉత్తరాన, ఒక ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ ఉంది. కుడిచేతివైపు, దక్షిణాన, నీటి అడుగున రాళ్లున్నాయి. ఈ రెండింటికీ నడుమ ఒక వీధి వెడల్పంత మేర మా రేవు. పడవ అక్కడే ఒడ్డెక్కాలి. మొగలోకి పోతే కెరటం తిరగేస్తుంది. రాళ్ల మీదికి పోతే చీలిపోతుంది. రేవు ఎక్కడుందో తెలియడానికి పసుపు రాసిన గంగమ్మ రాయి ఒకటి గట్టు మీద ఉంటుంది.

పుష్యమాసంలో కొన్ని పొద్దుల్లో మంచు దిగితే చేతిలో ఉన్న తెడ్డు కూడా కనబడదు. అలాంటి రోజు, మొగుడు నీళ్ల మీద ఉన్న ఆడది రేవులో పొగ వెయ్యాలి. గంగమ్మ రాయి పక్కనే నిప్పులు పోసి, వాటి మీద తడి కొబ్బరి పీచు, ఎండు చేపల తలకాయలు వేస్తాం. మంచులో పొగ కంటికి కనబడదు. కానీ పొద్దున్నపూట గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కనుక ఆ కమురు వాసన నీళ్ల మీద చాలా దూరం పోతుంది. మగవాళ్లు ఆ వాసన పట్టుకుని తిన్నగా రేవుకు వచ్చేస్తారు. దాన్ని రేవు పొగ అంటాం.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మా అత్త మొదట నేర్పింది అదే. "కూడు మాడిపోనీయే, పరవాలేదు. పొగ సోటు మాత్రం మారకూడదు" అనేది.

మా ఆయన పేరు నేను నోటితో అనను. మాలో అనకూడదు. రాయకూడదని ఎవరూ చెప్పలేదు, అప్పుడు రాయగలిగిన ఆడవాళ్లు లేరు కాబట్టి. ఆయన పేరు అప్పన్న. అందరూ ఫైబర్ బోట్లకు, ఇంజన్లకు మారిపోయినా ఆయన దుంగలు కట్టిన తెప్ప మీదే వేటకు వెళ్లేవాడు. వానకీ మంచుకీ ఒక ఆకుపచ్చ పట్టా ముక్కను నెత్తిన కప్పుకుని గడ్డం కింద వలతాడుతో ముడివేసేవాడు.

పన్నెండేళ్ల కిందట ఒక పొద్దున్న మంచు దిగింది. ఆయన ఒక్కడే నీళ్ల మీద ఉన్నాడు. ముందురోజు వలలో పడిన చిన్న చేపలు, నెత్తళ్లను, నేను రేవుకు దక్షిణంగా, మూడు కరెంటు స్తంభాల దూరంలో ఇసుక మీద ఆరేసి, పట్టా కప్పి ఉంచాను. తెల్లారేసరికి కుక్కలు పట్టా లాగేశాయి. కాకులు దిగుతున్నాయి. రేవులో పొగ దగ్గర కూర్చుంటే చేపలు పోతాయి. చేపల దగ్గర కూర్చుంటే పొగ ఆరిపోతుంది. పొగను చేపల దగ్గరికే తెచ్చుకున్నాను. అంత సముద్రం మీద వచ్చేవాడికి మూడు స్తంభాల దూరం ఒక లెక్కా అనుకున్నాను.

ఆయన వాసన పట్టుకుని తిన్నగా వచ్చాడు. రాళ్ల మీదికి.

దుంగలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అప్పుడు నేను చేసిన పని ఇది: నిప్పులు కుండలోకి ఎత్తాను, ఇసుక కప్పి ఆ చోటు చదును చేశాను, కుండ పట్టుకుని పరుగెత్తి గంగమ్మ రాయి దగ్గర మళ్లీ పొగ వేశాను. ఆ తరువాత కేక వేశాను. ఆ వరసలోనే. ముందు కేక వేసి ఉంటే ఆయన బతికేవాడా? తెలియదు.

రెండో రోజు మా మరిది దానయ్య ఆయన్ని వెతికి తెచ్చాడు. "మంచు వదినా, మంచు. నువ్వేటి సేత్తావు?" అని ఏడ్చాడు. ఊరంతా అదే మాట అంది. నేను అవునన్నాను. ఆ రోజు నుంచి నేను రేవులో పొగ వెయ్యలేదు. తరువాత అందరి బోట్లలోకీ దారి చూపించే యంత్రాలు వచ్చాయి, ఇక ఎవరూ వెయ్యలేదు.

ఆ తరువాత కొన్నేళ్లకు మా పల్లెలో సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పడానికి వచ్చింది మురళి. పక్క మండలంలో బడి పంతులు, పెళ్లి కాని కుర్రాడు. మమ్మల్ని అత్తా, పిన్నీ అని పిలిచి పలక చేతిలో పెట్టాడు. సుద్దముక్క అందించినప్పుడు నేను చెయ్యి వెనక్కి తీసుకుంటే, "కత్తిపీట మీద సేప కోసే సెయ్యిది. సుద్దముక్కకి బయపడతాదేటత్తా?" అన్నాడు. ఆ మాటకు నవ్వి, మొదటి అక్షరం రాశాను. నేను రాసిన ప్రతి కాగితం అతనే దిద్దాడు. తప్పు ఉన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాడు, ఎప్పుడూ నవ్వేవాడు కాదు. నాకు పిల్లలు లేరు.

మురళికి ఇద్దరు స్నేహితులు. సాలూరు లారీల ఇంటి కుర్రాడు సందీప్, విజయనగరంలో మందుల షాపు ఉన్న కిరణ్. ముగ్గురూ మూడేళ్లుగా శీతాకాలంలో ఒక శని, ఆదివారం మా ఒడ్డుకు వచ్చేవారు. జీపు మీద మూడు కయాక్‌లు కట్టుకుని తెచ్చేవారు. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే ప్లాస్టిక్ దోనె. దాని మీద కూర్చుని గాలంతో చేపలు పట్టడం వాళ్ల సరదా. సరుగుడు తోటలో గుడారాలు వేసుకునేవారు. వంట నాది.

మా వాళ్లకు వాళ్లను చూస్తే పండగే. "ఏటి బావూ, మూడు బిందెలేసుకొచ్చినారు, నూతికా సముద్రానికా?" అని దానయ్య అడిగేవాడు. "నువ్వో బిందె ఎక్కు మావా, సూద్దుము" అని సందీప్ అనేవాడు. వాళ్లు పట్టే చేపలు మా గంపలో అడుగు కూడా కప్పవు. పట్టిన ఒక్క పండుగప్పను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫొటోలు తీసుకునేవారు. తమాషాగా ఉండేది. మా ఆయన ప్రాణం తీసిన పని వీళ్లకు సెలవురోజు ఆట. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడల్లా పులుసులో కారం ఇంకాస్త వేసేదాన్ని. కళ్లనీళ్లు పెట్టుకుని తినేవారు, బాగుందనేవారు.

కిందటి పుష్యమాసంలో వచ్చారు. శనివారం సాయంత్రం తిని, మంట చుట్టూ కూర్చున్నారు. మురళి నన్ను కూడా కూర్చోమన్నాడు. "అత్తా, నువ్విన్నాళ్లూ ఉత్తరాలు రాసినావు, అర్జీలు రాసినావు. నీ కత ఒకటి రాయి" అన్నాడు. నాకేం కథ ఉంది బావూ అన్నాను. "మావ కత రాయి. సముద్రం మీద పోయినాడని తప్ప ఏటీ సెప్పవు" అన్నాడు. మంటలో కర్ర సరిచేసి లేచి వచ్చేశాను. రాళ్ల గురించి, నెత్తళ్ల గురించి, పొగ గురించి అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. అతనికే కాదు, ఎవరికీ. ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఆదివారం తెలతెలవారుతుండగా చోడి అంబలి తాగి ముగ్గురూ నీళ్ల మీదికి వెళ్లారు. ఆకాశం శుభ్రంగా ఉంది. ఎక్కడికని అడగలేదు, వెనక నుంచి పిలవలేదు. నీళ్ల మీదికి వెళ్లేవాళ్లను మేం పిలవం. ఆ రోజు మా బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ముందురోజు పల్లెలో ఒక ముసలామె పోయింది, వేట ఆపేశారు. అందుచేత నీళ్ల మీద ఉన్నది ఆ ముగ్గురే. ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి.

పొద్దు పొడిచాక మంచు దిగింది. ఏటి మీంచి పాకుతూ వచ్చి మొగను కప్పింది, తరువాత రేవును, తరువాత నన్ను. నేను కడుగుతున్న గిన్నె నాకే కనబడలేదు. వాళ్ల ఫోన్లలో దారి ఉంటుందని తెలుసు. అయినా నా చేతులు ఆగలేదు. ఇంటికి వెళ్లి కొబ్బరి పీచు తడిపి తెచ్చాను. చేపల తలకాయలు తెచ్చాను. పదకొండేళ్ల తరువాత రేవు పొగ వేశాను.

ఈసారి చోటు తప్పలేదు. ఒక చేత్తో గంగమ్మ రాయిని పట్టుకుని రెండో చేత్తో నిప్పుకు గాలి విసిరాను. పొగ రాజుకున్నంతసేపూ ఆ రాయి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పసుపు నా అరచేతికి అంటుకుని సాయంత్రం దాకా పోలేదు. ఈ ముగ్గురూ నా పొగ పట్టుకుని ఒడ్డెక్కితే చాలనుకున్నాను. ఆ ఒక్కటే కోరుకున్నాను. పోయినవాడి కోసం కాదు, నా కోసం.

కాసేపటికి ఇసుక మీద ప్లాస్టిక్ జారిన చప్పుడైంది. సందీప్ దోనె పొగకు పది అడుగుల్లో ఒడ్డెక్కింది. దిగుతూనే, "అత్తా, నీ పొగ వాసనకి అక్కడికే ఆకలేసీసింది" అని నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. మిగతా ఇద్దరేరి అని అడిగాను.

"నాకంటే ముందున్నారు కదా. ఇంకా రాలేదా?" అన్నాడు.

అప్పుడు ఉత్తరం నుంచి, మొగ వైపు నుంచి, అరుపు వినబడింది.

దానయ్య, ఇంకో నలుగురు తాడు పట్టుకుని పరుగెత్తారు. కిరణ్ తనంతట తానే ఈదుకుని వచ్చాడు. మురళిని నీళ్లలోంచి లాగారు. మొగ దగ్గర కెరటం అతని దోనెను తలకిందులు చేసి అతని మీదే వేసింది. భుజం ఎముక విరిగింది. ఉప్పునీళ్లు మింగాడు. వేసుకున్న లైఫ్ జాకెట్టు తేల్చబట్టి బతికాడు. దోనె రెండు ముక్కలైంది.

అంబులెన్సు వచ్చేలోగా కిరణ్‌ను తెచ్చి నా పొగ దగ్గర కూర్చోబెట్టారు. వణికిపోతున్నాడు. నన్ను చూసి కోపంగా అరిచాడు.

"మీ ఊళ్లో మనుషులు ఇలాటోళ్లా అత్తా? దారి అడిగినోడికి సచ్చే తోవ సెప్తారా?"

ఎవరు చెప్పారని దానయ్య అడిగాడు.

"ఎవడో ముసలాయన. మంచులో నాకు కనబడలేదు, గొంతు ఇనపడింది. మేము తిన్నగా పొగేపే వస్తన్నాము. మురళి ముందున్నాడు, ఆడికి కనబడినాడు. 'ఆ పొగేపు ఎల్లకండి బావూ. అది రేవు కాదు. మా ఆడది సేపల కాడ ఎలిగించినాది. రేవు ఉత్తరానుంది, అటెల్లండి' అన్నాడు."

"నీళ్ల మీద మనోళ్లెవులూ లేరు కదా బావూ" అన్నాడు దానయ్య. కిరణ్ వినలేదు. ఫోను చూసుకోవలసింది కదరా అని సందీప్ అంటే, "మడిసి పక్కనుంచి తోవ సెప్తుంటే ఫోను ఎవుడు సూస్తాడ్రా?" అని అరిచాడు. సందీప్ వాళ్ల వెనకే ఉన్నాడు. అతనికి ఏ గొంతూ వినబడలేదు. వాసన పట్టుకుని వచ్చేశాడు.

అంతా నన్ను చూశారు. చుట్టూ చేపలు లేవు. ఆ రోజు ఒడ్డు మీద ఎవరూ చేపలు ఆరెయ్యలేదు. గంగమ్మ రాయి పక్కన పొగ, దాని పక్కన నేను.

దానయ్య పొగను చూశాడు, రాయిని చూశాడు. "మంచు వదినా" అన్నాడు. "మంచులో మడిసికి ఏటేటో ఇనబడతాది."

నాలుగో రోజు శ్రీకాకుళం ఆసుపత్రికి మురళిని చూడటానికి వెళ్లాను. చేపల పులుసు కాదు, చారన్నం పట్టుకెళ్లాను. కిరణ్ చెప్పిన మాట నేను ఎత్తలేదు. మురళి తనంతట తానే చెప్పాడు. అవే మాటలు. ఒక్క మాట అటూ ఇటూ లేదు. ఇంకా చెప్పాడు. కూర్చున్నది బోటు మీద కాదట, దుంగలు కట్టిన తెప్ప మీద. నెత్తిన ఆకుపచ్చ పట్టా, గడ్డం కింద తాడుతో ముడి.

"కోపంగా సెప్పలేదత్తా. నవ్వతా సెప్పినాడు. ఇంట్లో ఆడదాని మీద సాడీ సెప్పినట్టు" అన్నాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. అది క్షమించిన నవ్వా, పొడిచిన నవ్వా అన్నది ఆయన బతికుండగా కూడా నాకు తెలిసేది కాదు.

"ఆయనెవరో నీకు తెలుసా అత్తా?" అని మురళి అడిగాడు.

తెలియదు బావూ అన్నాను. విరిగిన భుజంతో మంచం మీద ఉన్నవాడికి, నాకు ఓనమాలు దిద్దించినవాడికి అబద్ధం చెప్పాను. మనిషికి రెండోసారి అబద్ధం తేలికగా వస్తుంది.

తరువాత నేను చెయ్యగలిగిన వాకబు అంతా చేశాను. అటు మొగ అవతలి పల్లెలకు, ఇటు రాళ్ల దిగువ పల్లెలకు గంప పట్టుకుని తిరిగి అడిగాను. దుంగల తెప్ప ఇప్పుడెవరికీ లేదు. ఒకచోట ఒకటుంది, చెదలు పట్టి పశువుల పాకకు అడ్డంగా పడి ఉంది. ఆ ఆదివారం అక్కడివాళ్లు కూడా ఎవరూ నీళ్ల మీదికి వెళ్లలేదట.

ఇంకో దారిన కూడా ఆలోచించాను. పన్నెండేళ్ల కిందట ఆ పొద్దున్న నేను నిప్పులు ఎత్తడం ఎవరైనా చూశారా? చూసి, ఇన్నాళ్లూ కడుపులో దాచుకుని, ఈ కుర్రాళ్లతో ఆట ఆడారా? నెలరోజులు పల్లెలో ప్రతి మొహాన్నీ చూశాను. రోజూ నాకు నీళ్లు తోడిపెట్టే పక్కింటి పిల్లను అనుమానించాను. దానయ్యను అనుమానించాను. ఒకనాడు అడిగేశాను, మీ అన్న పోయిన పొద్దున్న నన్నెక్కడ చూశావని. "గంగమ్మ కాడే కదా వదినా, కేకలేస్తన్నావు" అన్నాడు. అతని కళ్లలో ఇంకేమీ లేదు. అతనిది మంచి మనసు, నాదే కాదు.

ఎవరో చూశారనే అనుకుందాం. చూసినవాళ్లకు ఆ ఆకుపచ్చ పట్టా ఎక్కడిది? దాన్ని ఆయనతోనే సాగనంపాం.

ముగ్గురు స్నేహితులూ ఈ ఏడాది రాలేదు. కిరణ్ మిగతా ఇద్దరితో మాట్లాడటం మానేశాడని విన్నాను. తనను మొగలోకి తీసుకుపోయింది మురళి అనీ, ముసలాయన పేరు చెప్పి తప్పించుకుంటున్నాడనీ ఇప్పుడు అంటున్నాడట. తన చెవులతో విన్నదాన్నే కాదనుకుంటున్నాడు. మురళి చెయ్యి పూర్తిగా పైకి లేవదు. బోర్డు మీద పై వరస రాయలేడు. పిల్లలకు కింది వరసల్లోనే రాసి చూపిస్తున్నాడు.

నేను వేసిన ఈ రెండు పొగల్లో మొదటిది తప్పు, రెండోది ఒప్పు. తప్పును నమ్మి ఒకడు పోయాడు. ఒప్పును నమ్మక ఒకడి చెయ్యి పోయింది. ఇందులో నాకు ఎక్కువ చేదుగా ఉన్నది రెండోదే. ఆయన ఆ కుర్రాళ్లకు కీడు తలపెట్టాడని నేను అనుకోను. ఆయనకు కీడు తెలియదు. ఆయన నిజంగానే కాపాడబోయాడు. పన్నెండేళ్ల కిందటి పొగ నుంచి.

తప్పులు దిద్దడానికి నేను రాసినవన్నీ మురళికే ఇస్తాను. ఇది కూడా ఇస్తున్నాను. ఎర్ర పెన్నుతో ఎక్కడ సున్నా చుడతాడో నాకు తెలియదు. కథ రాయమన్నది అతనే.

వినబడింది మంచు వల్లనేనని దానయ్య అంటాడు. కావచ్చు. కానీ మంచుకు నా నెత్తళ్ల సంగతి ఎలా తెలుసు? ఈ పుష్యమాసంలో మంచు దిగిన ప్రతి పొద్దున్నా రేవుకు వెళ్లాను. నిప్పు పట్టుకెళ్లాను, వెలిగించలేదు. గంగమ్మ రాయి మీద చెయ్యి వేసి నిలబడి వచ్చేశాను. సరైన చోటే నిలబడ్డానని, పొగ ఇప్పుడు మారిందని, ఆ నీళ్ల మీద ఉన్న మనిషికి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.